ముహూర్తంలోగా ముత్యాల వరస!

వంకర పళ్లకు క్లిప్పులు వేయించుకుంటే ఏడాదిన్నర, రెండేళ్లు. అదే ఎముకకు చిన్న చిన్న గాట్లు పెడితే బోలెడు సమయం కలిసొస్తుందట! నిజమేనా? ఆ గాటు ఏం చేస్తుంది? ఎవరికి మేలు, ఎవరికి వద్దు?

అమ్మాయికి సంబంధం కుదిరింది. లగ్నపత్రిక రాసుకున్నారు. ముహూర్తం ఇంకా ఏడు నెలలుంది. చీరలు, నగలు, ఫంక్షన్‌ హాలు... ఒక్కో పనీ పూర్తవుతోంది. ఒక్క దిగులే మిగిలింది. పై పళ్లు కాస్త ఎత్తు. అందుకే ఏ ఫొటో చూసినా పెదవులు బిగించుకునే నవ్వుతుంది.

ఇంకో ఇంట్లో అబ్బాయికి అమెరికాలో ఎమ్మెస్‌ సీటు వచ్చింది. ఆగస్టులో ప్రయాణం. ‘అక్కడ పంటి వైద్యానికి ఆస్తులమ్ముకోవాలట, వెళ్లేలోపే ఆ పళ్ల సంగతి చూడరా’ అని వాళ్లమ్మ పోరు.

మరోచోట నలభై దాటిన ఉద్యోగిని. కొడుక్కి క్లిప్పులు పెట్టించడానికొచ్చి, ‘ఈ వయసులో నాకూ పెట్టొచ్చా డాక్టరుగారూ?’ అని మొహమాటంగా అడుగుతుంది.

ఇలాంటివాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. బషీర్‌బాగ్‌ నుంచి హిమాయత్‌నగర్‌ వైపు నడిచినా, అబిడ్స్‌ మీదుగా నాంపల్లి వెళ్లినా దంతవైద్యుల బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. లోపలికి వెళ్లినవాళ్లు మొదట అడిగేది ‘ఎన్నాళ్లు పడుతుంది?’ అని. ‘ఏడాదిన్నర నుంచి రెండేళ్లు’ అని చెప్పగానే రెండో ప్రశ్న వచ్చేస్తుంది... ‘త్వరగా అయ్యే దారేమీ లేదా?’

ఉంది. ఒకటి కాదు, నాలుగైదు దారులున్నాయి. అన్నిటికీ మూలం ఒక్కటే- పంటి చుట్టూ ఉన్న ఎముకకు కావాలని చిన్న గాయం చేయడం. వినడానికి వింతగా ఉన్నా దాని వెనక గట్టి శాస్త్రమే ఉంది. కానీ ఆ వేగానికి ఓ గడువుంది, ఓ మూల్యమూ ఉంది. ఆ రెండూ తెలిశాకే నిర్ణయం తీసుకోవాలి.

పన్ను నడిచేదెలా?

పన్నంటే గోడకు దిగ్గొట్టిన మేకు కాదు. పంటి వేరుకూ దవడ ఎముకకూ మధ్య సుమారు పావు మిల్లీమీటరు సందుంటుంది. ఆ సందునిండా సన్నని నారపోగుల పొర. పన్ను ఆ పొరలో ఊయలలో కూర్చున్నట్టు ఉంటుంది. మనం చెరుకు ముక్క కొరికినా, వేరుశెనగలు నమిలినా ఆ ఒత్తిడిని మొదట భరించేది అదే.

క్లిప్పులకు బిగించిన తీగ పన్నును మెల్లగా ఒకవైపు నెడుతుంది. పన్ను ఎటు జరగాలో అటువైపు ఎముక మీద ఒత్తిడి పడుతుంది. అక్కడికి ఎముకను కరిగించే కణాలు చేరి దారి తవ్వుతాయి. పన్ను వదిలి వచ్చిన వైపు ఎముకను కట్టే కణాలు చేరి ఖాళీని పూడ్చుకుంటూ వస్తాయి. ముందు తవ్వకం, వెనక కట్టడం! 1904లోనే స్వీడన్‌కి చెందిన కార్ల్‌ శాండ్‌స్టెడ్‌ కుక్కల మీద ప్రయోగాలు చేసి ఈ సంగతి సూక్ష్మదర్శినిలో చూపించాడు.

ఈ పని సాగే వేగం ఎంతో తెలుసా? నెలకు సుమారు ఒక మిల్లీమీటరు!

ఇప్పుడు లెక్క వేసుకోండి. ఎత్తు పళ్లను వెనక్కి తేవడానికి చాలామందికి కోరపన్ను వెనకుండే చిన్న దవడపన్నును తీసేస్తారు. దానివల్ల ఏడు మిల్లీమీటర్ల దాకా ఖాళీ వస్తుంది. కోరపన్ను ఆ ఖాళీలోకి జరగడానికే ఐదారు నెలలు పడుతుంది. దానికి ముందు వంకరలు సరిచేయాలి. తరవాత ముందరి నాలుగు పళ్లనూ వెనక్కి లాగాలి. చివరికి పైపళ్లూ కిందిపళ్లూ సరిగ్గా కలిసేలా దిద్దాలి. అలా అలా రెండేళ్లు గడిచిపోతాయి.

‘మరి గట్టిగా లాగేస్తే సరి’ అనిపిస్తుంది. లాగితే పన్ను మొండికేస్తుంది. ఒత్తిడి మితిమీరితే నారపోగుల పొరకు రక్తం అందదు. అక్కడి కణజాలం చచ్చిపోతుంది. దాన్ని శుభ్రం చేసుకునేదాకా వారాల తరబడి పన్ను కదలదు. అంతేకాదు, పంటి వేరు చివర కరిగి పొట్టిగా మారే ప్రమాదం కూడా ఉంది. అంటే, బలం పెంచి లాభం లేదు. మారాల్సింది ఎముకే!

ఎముకకు ‘పదును’

సేద్యం తెలిసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఎండిన చేలో వేరుశెనగ మొక్క పీకితే కాడ తెగి చేతిలోకొస్తుంది, కాయలు భూమిలోనే ఉండిపోతాయి. వాన పడ్డాక అదే మొక్క సులువుగా ఊడొస్తుంది. మొక్కా అదే, నేలా అదే. నేలలో పదునుంది, అంతే తేడా.

ఎముకకూ అలాంటి పదును వస్తుంది, గాయమైనప్పుడు! ఎక్కడైనా ఎముక విరిగితే శరీరం ఆ చోటును అత్యవసర ప్రాంతంగా ప్రకటించుకుంటుంది. రక్తప్రసరణ పెరుగుతుంది. ఎముకను కరిగించే కణాలూ కట్టే కణాలూ రెట్టింపు హడావుడితో పనిలోకి దిగుతాయి. చుట్టుపక్కల ఎముకలోని ఖనిజం కొన్నాళ్లపాటు తగ్గి అది మెత్తబడుతుంది. అమెరికాకు చెందిన ఎముకల వైద్యుడు హెరాల్డ్‌ ఫ్రాస్ట్‌ ఈ ప్రక్రియనంతా 1983లో ఒక వ్యాసంలో వివరించాడు. ఆయన దీనికి పెట్టిన పేరు ‘రీజనల్‌ యాక్సిలరేటరీ ఫినామినన్‌’. అంటే, గాయమైన చోటుకే పరిమితమై వచ్చే వేగం.

దంతవైద్యులు ఈ వేగాన్ని అంతకుముందే వాడుకున్నారు, కారణం తెలియకుండానే! 1959లో హైన్‌రిక్‌ కోలే అనే ఐరోపా సర్జన్‌, పళ్ల మధ్య గట్టి ఎముక పైపొరను కోస్తే పళ్లు త్వరగా జరుగుతున్నాయని రాశాడు. కోసిన ముక్కతో సహా పన్ను కదులుతోందని, అంటే మొక్కను మట్టిగడ్డతో సహా జరిపినట్టని ఆయన అనుకున్నాడు. అమెరికాలోని పెన్సిల్వేనియాకు చెందిన విల్కో సోదరులు ఆ అభిప్రాయాన్ని మార్చారు. ఇద్దరిలో విలియం పలువరుస సరిచేసే వైద్యుడు, థామస్‌ చిగుళ్ల వైద్యుడు. తమ రోగులకు స్కాన్లు తీసి చూస్తే ముక్కలేవీ కదల్లేదు. ఎముకే తాత్కాలికంగా మెత్తబడి, మళ్లీ గట్టిపడుతోంది. బాగా ఇరుకుగా ఉన్న పళ్లను ఆరు నెలలకు కాస్త అటూ ఇటుగా సరిచేశామంటూ 2001లో వాళ్లు రెండు కేసుల వివరాలు ప్రచురించారు. ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది అప్పటినుంచే.

ఒక్క విషయం మాత్రం మరచిపోకూడదు. వాన పదును ఎల్లకాలం ఉండదు. ఎముక పదునూ అంతే. మూడు నాలుగు నెలల్లో ఆరిపోతుంది!

ఎన్ని రకాలు?

అన్నిటి ఉద్దేశం ఒక్కటే అయినా గాయం పెద్దదా చిన్నదా అన్న దగ్గర తేడా వస్తుంది.

కార్టికాటమీ: వీటిలో పెద్దది ఇదే. మత్తు ఇంజెక్షన్‌ ఇచ్చి, చిగురును ఎముక మీదనుంచి తెరలా పైకి లేపుతారు. పంటి వేళ్ల మధ్య ఎముక పైపొర మీద గాట్లు పెడతారు. విల్కో సోదరుల పద్ధతిలో దాని మీద ఎముక పొడి కూడా పరిచి కుట్లు వేస్తారు. రెండు వారాల్లోపే తీగ బిగించడం మొదలుపెట్టి, ఆపైన రెండేసి వారాలకోసారి రమ్మంటారు. మామూలు పద్ధతిలోలా నెలకోసారి వెళ్తే పదును వృథా అవుతుంది మరి! కొన్నిరోజులపాటు ముఖం వాపు, నొప్పి ఉంటాయి.

పీజోసిజన్‌: ‘చిగురంతా తెరవకుండా కుదరదా?’ అన్న ఆలోచనలోంచి వచ్చింది. బోస్టన్‌ విశ్వవిద్యాలయానికి చెందిన సెర్జ్‌ డిబార్ట్‌, సహచరులు 2009లో దీన్ని పరిచయం చేశారు. చిగురు మీద పళ్ల మధ్య నిలువుగా చిన్న కోతలు పెట్టి, వాటిలోంచి శబ్దతరంగాలతో కంపించే సన్నని కత్తితో ఎముకకు గాట్లు పెడతారు. వాపు తక్కువ. కాకపోతే చిగురు మీద సన్నని మచ్చలు మిగలొచ్చు. నవ్వితే చిగుళ్లు బాగా కనిపించేవాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

మైక్రో ఆస్టియోపర్ఫొరేషన్‌: పేరు నోరు తిరగదు కానీ పని చిన్నదే. కోతలూ కుట్లూ ఉండవు. మత్తు ఇచ్చి, మరలాంటి చిన్న పరికరంతో చిగురు మీదనుంచే ఎముకలోకి రెండు మూడు రంధ్రాలు చేస్తారు. కుర్చీలో కూర్చుని చేయించుకుని ఇంటికెళ్లిపోవచ్చు. దీని ప్రభావమూ చిన్నదే కాబట్టి మళ్లీ మళ్లీ చేయాలన్నది చాలామంది వాదన.

డిస్ట్రాక్షన్‌: తైవాన్‌ వైద్యులు లియో, హువాంగ్‌ 1998లో ప్రచురించిన పద్ధతి. పన్ను తీసిన గుంత లోపలి ఎముకను పలచన చేసి, మరతో తిప్పే పరికరం అమర్చి కోరపన్నును మూడు వారాల్లో వెనక్కి తెచ్చారు. నెలల పని వారాల్లో! కానీ పరికరం పెద్దది. పంటిలోని నరం, వేరు దెబ్బతినకుండా కనిపెట్టి ఉండాలి. అందుకే ఇది ఇంటింటి వైద్యం కాలేదు.

వీటితోపాటు మరో శస్త్రచికిత్స పేరు కూడా వినిపిస్తుంది. అది అంగిలి వెడల్పు చేయడం. చిన్నపిల్లలకు అంగిలి మధ్యన ఎముక అతుకు పూర్తిగా మూసుకోదు. పరికరం పెట్టి తిప్పితే చాలు, అంగిలి వెడల్పవుతుంది. పెద్దయ్యాక ఆ అతుకు గట్టిపడుతుంది. దాన్ని శస్త్రచికిత్సతో సడలించాల్సి రావచ్చు. ఇది తొందర కోసం చేసేది కాదు, అవసరం కొద్దీ చేసేది.

నిజంగా ఎంత కలిసొస్తుంది?

అసలు ప్రశ్న ఇదే. జవాబు చెప్పేముందు బషీర్‌బాగ్‌ చరిత్రలోకి ఓసారి తొంగిచూడాలి. ఎందుకంటే వైద్యంలో ఒక్క ప్రయోగాన్ని చూసి నమ్మేయకూడదన్న పాఠం ఈ నగరానికి నూటముప్పై ఏళ్ల కిందటే తెలుసు.

ఈ ప్రాంతానికి పేరొచ్చింది పైగా వంశానికి చెందిన బషీరుద్దౌలా సర్‌ ఆస్మాన్‌ జా కట్టించుకున్న ప్యాలెస్‌ వల్ల. ఆ ప్యాలెస్‌ ఇప్పుడు లేదు, పేరే మిగిలింది. ఆయన నిజాం ప్రధానిగా ఉన్న రోజుల్లోనే, 1888, 1889ల్లో హైదరాబాద్‌ క్లోరోఫాం కమిషన్‌ ప్రయోగాలు జరిగాయి. ఆ రోజుల్లో మత్తుకు క్లోరోఫాం వాడేవారు. అప్పుడప్పుడూ రోగి బల్లమీదే చనిపోయేవాడు. ముందు ఆగేది ఊపిరా, గుండా? ఇక్కడి మెడికల్‌ స్కూలు బాధ్యుడు ఎడ్వర్డ్‌ లారీ, ఊపిరే అన్నాడు. లండన్‌లోని ‘లాన్సెట్‌’ పత్రిక ఒప్పుకోలేదు. నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లిచ్చి లండన్‌ నుంచి లాడర్‌ బ్రంటన్‌ అనే నిపుణుణ్ని రప్పించింది. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, లారీ చెప్పిందే సరైనదన్నారు. ప్రపంచం మొత్తం హైదరాబాద్‌ వైపు చూసింది. కానీ 1911లో గుడ్‌మన్‌ లెవీ అనే వైద్యుడు, క్లోరోఫాం గుండెనూ హఠాత్తుగా ఆపేయగలదని తేల్చాడు!

పళ్ల దగ్గరా అదే కథ. 2013లో న్యూయార్క్‌ విశ్వవిద్యాలయంలో మణి అలీఖానీ బృందం 20 మంది మీద రంధ్రాల పద్ధతిని పరీక్షించింది. 28 రోజుల్లో కోరపన్ను 2.3 రెట్లు వేగంగా జరిగిందని ప్రకటించింది. అంతే, సంచలనం! 2018లో జోర్డాన్‌ పరిశోధకులు అదే పద్ధతిని 32 మంది మీద పరీక్షించారు. నోట్లో ఒకవైపు రంధ్రాలు చేసి, రెండోవైపు వదిలేశారు. రెండువైపులా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కాక్రేన్‌ సంస్థ 2015లో ఈ శస్త్రచికిత్సల మీద అధ్యయనాలన్నీ వెతికింది. ప్రమాణాలకు తూగినవి నాలుగే. వాటిలో పాల్గొన్నవాళ్లు మొత్తం 57 మంది. మొదట్లో పళ్లు కొంత వేగంగా జరిగిన మాట నిజమే. కానీ క్లిప్పులు పెట్టింది మొదలు తీసేదాకా మొత్తం ఎన్ని నెలలు తగ్గాయన్నది ఒక్క అధ్యయనమూ సూటిగా కొలవలేదు. రోగికి కావాల్సింది అదే కదా!

అలాగని ఇదంతా వట్టిదని కొట్టిపారేయలేం. 2016లో బెల్జియంలో 24 మంది పెద్దవాళ్ల మీద పీజోసిజన్‌ను పరీక్షించారు. చికిత్స సమయం 43 శాతం తగ్గింది. ఇక్కడ కూడా తేడా, పదును దగ్గరే ఉంది. వాళ్లవి కొంచెం ఇరుకైన పళ్లు. ఏ పన్నూ పీకాల్సిన పని లేనివి. జరగాల్సిన దూరం తక్కువ కాబట్టి పనిలో ఎక్కువ భాగం ఎముక పదునుగా ఉన్న నెలల్లోనే అయిపోయింది.

అదే పళ్లు తీసి, ఖాళీలు మూయాల్సిన రెండేళ్ల చికిత్స అయితే? నాలుగు నెలలపాటు వేగం రెట్టింపయిందనే అనుకుందాం. ఎనిమిది నెలల పని నాలుగు నెలల్లో అవుతుంది. అంటే, మిగిలింది నాలుగు నెలలు. ఇరవై నాలుగు నెలలు ఇరవై అవుతాయి తప్ప పన్నెండు కావు. ‘సగం సమయంలో’ అని ఎవరైనా చెబితే, ‘ఎవరికి? ఎలాంటి పళ్లకి?’ అని అడగాలి.

కత్తి లేకుండా కంపించే పరికరాలు, లేజర్‌ కాంతి లాంటివీ బజారులో ఉన్నాయి. వాటివల్ల చెప్పుకోదగ్గ ప్రయోజనం ఉందనడానికి బలమైన ఆధారాల్లేవని కాక్రేన్‌ 2023 సమీక్ష తేల్చింది.

ఎవరికి మేలు... ఎవరికి వద్దు

ఎదిగే పిల్లలకు దీని అవసరం దాదాపు ఉండదు. పది నుంచి పద్నాలుగేళ్ల మధ్య ఎముకలో సహజంగానే మార్పులు వేగంగా జరుగుతుంటాయి. వాళ్లకు దేవుడిచ్చిన పదునుంది! ఏడేళ్లకల్లా ఒకసారి నిపుణులకు చూపించాలని అమెరికన్‌ ఆర్థోడాంటిస్టుల సంఘం చెబుతోంది. అలాగని అప్పుడే క్లిప్పులు పెట్టేస్తారని కాదు. దవడ ఎదుగుదల ఎలా ఉందో తెలుస్తుంది, అంతే.

ఇవి ఎక్కువగా ఉపయోగపడేది పెద్దవాళ్లకు. అందులోనూ ముందరి పళ్ల దగ్గర ఎముక పలచగా ఉన్నవాళ్లకు. అలాంటి చోట పన్నును మామూలుగా జరిపితే వేరు ఎముక దాటి బయటికొచ్చి, చిగురు కిందికి జారే ప్రమాదముంది. గాట్లతోపాటు ఎముక పొడి పరిస్తే కాస్త దన్ను దొరుకుతుంది. వేగం కన్నా ఈ దన్నే విలువైనదని చెప్పే వైద్యులున్నారు.

మధుమేహం అదుపులో లేనివాళ్లకు, పొగతాగేవాళ్లకు, గుట్కా, ఖైనీ నమిలేవాళ్లకు, చిగుళ్లలోంచి చీమూ నెత్తురూ కారుతున్నవాళ్లకు ఈ చికిత్సలు మంచివి కావు. వాళ్ల గాయాలు మానడమే కష్టం. చిగుళ్ల జబ్బుంటే ముందు గార తీయించుకుని, చిగుళ్లు గట్టిపడ్డాకే క్లిప్పుల మాట ఎత్తాలి. ఎముకలు గుల్లబారకుండా అలెండ్రొనేట్‌ మాత్రలో, జోలెడ్రానిక్‌ యాసిడ్‌ ఇంజెక్షన్లో వాడుతున్నవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. ఆ మందులు ఎముక కరగడాన్ని అడ్డుకుంటాయి. పన్ను జరగడం సరే, దవడకు పెట్టిన గాటే మానకపోవచ్చు. చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లూ అంతే.

ఇంకో చిన్న సంగతి. నొప్పిగా ఉందని మందుల షాపుకెళ్లి ఐబుప్రొఫెన్‌, డైక్లోఫెనాక్‌ లాంటివి కొనుక్కుని మింగేస్తుంటాం. అవి వాపును తగ్గిస్తాయి. పన్ను జరగడానికి కావాల్సిందీ ఆ వాపులో పుట్టే రసాయనాలే! గాయం చేయించుకుని, దాని ఫలితాన్ని మాత్రతో ఆపుకున్నట్టవుతుంది. అందుకే చాలామంది వైద్యులు పారాసెటమాల్‌ రాస్తారు. ఏ మాత్రయినా డాక్టరును అడిగే వేసుకోవాలి.

మత్తు దగ్గర జాగ్రత్త

2024 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఓ యువకుడు పెళ్లికి ముందు నవ్వు అందంగా కనిపించాలని దంత చికిత్సకు వెళ్లి చనిపోయాడు. అప్పట్లో అందరినీ కలచివేసిన వార్త అది. ఇక్కడ చెప్పుకుంటున్న గాట్ల చికిత్సలు వేరు. వీటిలో చాలావాటికి పన్ను పీకేటప్పుడు ఇచ్చే మత్తు ఇంజెక్షనే సరిపోతుంది. అయినా ఆ విషాదం ప్రతి ఇంటికీ ఒక మాట గుర్తుచేసింది- నోటిలో చేసే చిన్న పనైనా అది వైద్యమే, బ్యూటీపార్లర్‌ పని కాదు. మత్తు ఎవరిస్తారు, ఎంతిస్తారు, తేడా వస్తే చూసుకునే ఏర్పాట్లేమున్నాయి అని అడగడం తప్పు కాదు. క్లోరోఫాం మీద ప్రయోగాలకు సొమ్ము పోసిన నగరంలో ఆ ప్రశ్న అడగడానికి సిగ్గెందుకు!

డాక్టరును ఇవి అడగండి

• మీరు ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్‌ చేశారా? గాట్లు పెట్టేది మీరేనా, చిగుళ్ల నిపుణులా, నోటి సర్జనా?

• నా పళ్లు ఎంత దూరం జరగాలి? పళ్లు తీయాలా?

• ఈ శస్త్రచికిత్స లేకుండా ఎన్ని నెలలు? చేస్తే ఎన్ని నెలలు? తేడా రెండు మూడు నెలలే అయితే చేయించుకోకపోతే నష్టమేంటి?

• నా ఎముక మందం ఎంతుందో స్కాన్‌లో చూపిస్తారా?

• మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తుందా? మొత్తం ఖర్చెంత? కాగితం మీద రాసిస్తారా?

• రెండు వారాలకోసారి రావాలంటే నాకు కుదురుతుందా? (ఇది మిమ్మల్ని మీరే అడగాల్సిన ప్రశ్న!)

కత్తి లేని దగ్గరి దారి

నిజానికి చికిత్స ఆలస్యం కావడానికి ఎముక ఒక్కటే కారణం కాదు. నెలకోసారి రమ్మంటే మూడు నెలలకోసారి వెళ్తాం. రబ్బరు బ్యాండ్లు పెట్టుకోమంటే జేబులో పెట్టుకుంటాం. సంక్రాంతికి సకినాలు, నాంపల్లి నుమాయిష్‌లో మొక్కజొన్న పొత్తు... ‘ఒక్కటే కదా’ అని కొరుకుతాం. పటుక్కున బ్రాకెట్‌ ఊడుతుంది. అది మళ్లీ అతికించేదాకా ఆ పన్ను ఉన్నచోటే ఉంటుంది. ఒక్కోసారి వెనక్కీ వెళ్తుంది. ఇలా మూడు నాలుగుసార్లు జరిగితే, శస్త్రచికిత్స మిగిల్చే నెలలు చేజేతులా పోగొట్టుకున్నట్టే. నల్గొండ లాంటి ఫ్లోరైడ్‌ పీడిత ప్రాంతాలవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఫ్లోరోసిస్‌ వల్ల గారపట్టినట్టుండే పంటి పైపొర మీద బ్రాకెట్‌ అంత గట్టిగా అతుక్కోదు. ఆ సంగతి ముందే చెబితే వైద్యులు తగ్గట్టు చూసుకుంటారు.

ఏళ్లు ఆగినా పర్లేదు, ఖర్చే భయం అనుకునేవాళ్లకు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల, ఆసుపత్రి ఉన్నాయి. బషీర్‌బాగ్‌ నుంచి అబిడ్స్‌, కోఠి మీదుగా వెళ్తే దగ్గరే. కోలే తన పరిశోధన ప్రచురించిన 1959లోనే ఇది ఉస్మానియా వైద్య కళాశాలకు దంత విభాగంగా మొదలైంది. పలువరుస సరిచేయడానికి ప్రత్యేక విభాగం ఉంది. ప్రైవేటుతో పోలిస్తే ఖర్చు తక్కువ. ఓపిక మాత్రం కావాలి.

ముహూర్తం దగ్గరపడి, ‘ఎలాగైనా ఈలోపే’ అని తొందరపడుతున్నవాళ్లకు ఇంకో మార్గముంది. చికిత్స పెళ్లయ్యాక కూడా సాగొచ్చు! ముందరి వంకరలు సరికావడం మొదటి కొన్ని నెలల్లోనే కనిపిస్తుంది. పంటి రంగులో కలిసిపోయే సిరామిక్‌ క్లిప్పులున్నాయి. కొందరికి పారదర్శకంగా ఉండే అలైనర్లు కుదురుతాయి. రోజుకు ఇరవై గంటలకు పైగా పెట్టుకోవాల్సిన ఆ తొడుగులను భోజనాలకీ ఫొటోలకీ కాసేపు తీసి పక్కన పెట్టొచ్చు.

ఇక చివరి మాట. పళ్లు ఎంత త్వరగా జరిగినా, ఎంత నిదానంగా జరిగినా ఆ తరవాత రిటైనర్‌ పెట్టుకోవాల్సిందే. చుట్టూ ఉన్న ఎముక గట్టిపడాలి, సాగిన నారపోగులు కొత్త చోటికి అలవాటుపడాలి. లేదంటే పళ్లు పాత ఇంటిదారి పడతాయి. ఆ పనికి మాత్రం ఇంతవరకూ ఏ గాటూ, ఏ రంధ్రమూ దగ్గరి దారి చూపలేదు. రాత్రిపూట గుర్తుంచుకుని రిటైనర్‌ పెట్టుకునేవాళ్ల పలువరుసే పదేళ్ల తరవాతా చెక్కుచెదరదు.